ఫ్రాకింగ్ అంటే ఏమిటి? కృష్ణా-గోదావరి గ్యాస్ బావులు, గుంటూరు-ప్రకాశం రైతుల నీళ్లు

భూమిలో రెండు మూడు కిలోమీటర్ల లోతున బిగుసుకుపోయిన రాతిలోకి నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో పంపిస్తారు. ఆ ఒత్తిడికి రాయి సన్నగా చిట్లుతుంది. ఇసుక రేణువులు ఆ పగుళ్లలో ఇరుక్కుని అవి మళ్లీ మూసుకోకుండా ఆపుతాయి. రాతిలో చిక్కుకున్న గ్యాస్, చమురు ఆ సందుల్లోంచి బావిలోకి వస్తాయి. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, పొట్టిగా ఫ్రాకింగ్ అంటారు.

ఈ మాట మన పత్రికల్లో అప్పుడప్పుడు కనిపించి మాయమవుతుంది. అమెరికా వార్తల్లోనే ఎక్కువ వినిపిస్తుంది కాబట్టి మనకు సంబంధం లేని విషయం అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఫ్రాకింగ్‌కు పనికొచ్చే రాతిపొరలు ఉన్నాయని దేశంలో గుర్తించిన ప్రధాన ప్రాంతాల్లో కృష్ణా-గోదావరి బేసిన్ ఒకటి. ఆ బేసిన్ కాకినాడ, కోనసీమల దగ్గర ఆగిపోదు. కృష్ణ దాటి రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు వైపు దాకా వస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తల పటాల్లో ‘బాపట్ల హోర్స్ట్’ అనే పేరు ఉంది. భూమి లోపల ఎత్తుగా లేచి ఉన్న ఒక రాతి దిమ్మెకు వాళ్లు పెట్టిన పేరు అది.

షేల్ రాయి, మార్కాపురం పలక

షేల్ అంటే కోట్ల ఏళ్ల కింద బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. మన వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మార్కాపురం పలకలు తెలియనివాళ్లు ఉండరు. షేల్ రాయి భూమి లోపల ఇంకా వేడికి, ఒత్తిడికి గురైతే ఆ పలక రాయిగా మారుతుంది. పలక లాగే షేల్ కూడా పొరలు పొరలుగా విడుతుంది. ఒంగోలు పరిసరాల్లో నేల మీదకే కనిపించే ఒక షేల్ పొరకు శాస్త్రవేత్తలు ‘వేమవరం షేల్’ అని ఇక్కడి ఊరి పేరే పెట్టారు. పైకి కనిపించే షేల్‌లో గ్యాస్ ఉంటుందని దీని అర్థం కాదు. గ్యాస్ కోసం వెతికేది బాగా లోతున, వేడిలో మగ్గిన పొరల్లో. కృష్ణా-గోదావరి బేసిన్‌లో అలాంటి పొరల్లో ముఖ్యమైనది రాఘవాపురం షేల్.

ఒక సంగతి మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. పల్నాడులో మిర్చి, పత్తి పండే మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల వైపు నేల కింద ఉన్నది చాలా పాత సున్నపురాయి, గ్రానైట్ లాంటి రాళ్లు. అక్కడ ఇప్పటిదాకా గ్యాస్, చమురు ఉత్పత్తి లేదు. బేసిన్ పరిధిలోకి వచ్చేది తీరం వైపు: రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల, చీరాల. అంటే ఫలానా మిర్చి చేలో రేపే రిగ్గు దిగుతుందని భయపెట్టడం సరికాదు. సంబంధం ఉన్నది నీటి దగ్గర. ఎగువన సాగర్ కుడి కాలువ, దిగువన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు, తీరంలో ఇసుక కింది తీపినీళ్లు. ఈ మూడింటి మీదే ఈ రెండు పాత జిల్లాల బతుకు నడుస్తుంది.

ఎంత నీళ్లు పోతాయి?

నిటారుగా దిగిన బావిని అడుగున పక్కకు తిప్పి, రాతిపొర వెంబడి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అడ్డంగా తవ్వుతారు. ఆ అడ్డం భాగాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను పగలగొడతారు. అందుకే నీళ్లు ఎక్కువ కావాలి. అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం 2014లో అక్కడ ఒక అడ్డం గ్యాస్ బావికి పట్టిన నీళ్లు సుమారు 51 లక్షల గ్యాలన్లు. మన లెక్కలో దాదాపు 1 కోటి 93 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 1,930.

రైతు లెక్కలో చూస్తే, ఎకరం నేల మీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టడానికి సుమారు లక్షా మూడు వేల లీటర్లు కావాలి. ఒక తడికి రెండు అంగుళాలు అనుకుంటే, ఒక్క గ్యాస్ బావికి పట్టిన నీళ్లతో 90 ఎకరాలకు పైగా మిర్చికి ఒక తడి ఇవ్వొచ్చు.

కంపెనీల వైపు నుంచి వచ్చే జవాబు కూడా అబద్ధం కాదు. ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లు దాటుతుంది. అందులో ఇలాంటి బావులు 1,400కు పైగా సరిపోతాయి. నాగార్జునసాగర్ కుడి కాలువకు కేటాయింపే 132 టీఎంసీలు. ఆ లెక్కన ఒక్కో బావి చుక్కతో సమానం. అయితే నీళ్లు టీఎంసీల్లో తీసుకోరు, ఒక ఊరి చెరువు నుంచో, ఒక కాలువ చివరి నుంచో తీసుకుంటారు. కాలువ చివరి ఆయకట్టు రైతుకు జనవరి, ఫిబ్రవరిలో తడి అందడమే కష్టం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉండనే ఉంది. వేసవిలో తాగునీటి చెరువులు నింపేది కూడా ఆ సాగర్ కాలువే. ఎంత తీసుకున్నారు అనేదాని కంటే ఎక్కడ, ఏ నెలలో తీసుకున్నారు అనేది పెద్ద ప్రశ్న.

పైగా చేలో పెట్టిన నీళ్లలో కొంత భూమిలోకి ఇంకుతుంది, కొంత ఆవిరై మళ్లీ వానగా వస్తుంది. ఫ్రాకింగ్‌కు పంపిన నీళ్లలో చాలా భాగం ఆ లోతులోనే ఉండిపోతుంది. తిరిగి పైకి వచ్చే భాగం తాగడానికి, పారించడానికి పనికిరాదు.

తిరిగి వచ్చే నీళ్లలో ఏముంటుంది?

లోపలికి పంపే ద్రవంలో నీళ్లు, ఇసుకే 98, 99 శాతం. మిగిలినదే రసాయనాలు. వినడానికి తక్కువే. కోటీ 93 లక్షల లీటర్లలో అర శాతం అంటే దాదాపు 97 వేల లీటర్లు. రాయిని శుభ్రం చేయడానికి ఆమ్లం, పైపుల్లో రాపిడి తగ్గించడానికి ఒక పదార్థం, సూక్ష్మక్రిములను చంపడానికి మరొకటి, తుప్పు పట్టకుండా ఇంకొకటి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ద్రవం చిక్కబడి ఇసుకను మోసుకుపోవడానికి వాడే ముఖ్యమైన పదార్థం గోరుచిక్కుడు గింజల జిగురు. మన ఇళ్లలో వేపుడు చేసుకునే ఆ గోరుచిక్కుడే, ఉర్దూలో గవార్ ఫల్లీ. 2011-12లో అమెరికాలో ఫ్రాకింగ్ జోరు మీద ఉన్నప్పుడు రాజస్థాన్ మార్కెట్లలో క్వింటాలు గవార్ గింజల ధర రూ.30 వేల దాకా ఎగబాకింది. సట్టా మితిమీరిందని 2012 మార్చిలో ఫ్యూచర్స్ వ్యాపారాన్నే ఆపేశారు. ధర చూసి మన రాష్ట్రంలోనూ కొన్నిచోట్ల రైతులు ఈ పంట వేశారు. తర్వాత రెండు మూడేళ్లలో ధర కొన్ని వేలకు పడిపోయింది. మిర్చి, పత్తి ధరల ఆటుపోట్లు చూసినవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. టెక్సాస్ బావికీ మన రైతుబజారు కూరగాయకీ ఇలాంటి లింకు ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం. తిరిగి వచ్చే నీటిలో మనం పంపిన రసాయనాలే కాదు, లోతున ఉన్న ఉప్పు, భార లోహాలు, కొన్నిచోట్ల రేడియం లాంటి రేడియోధార్మిక పదార్థాలు కూడా వస్తాయి. సముద్రపు నీటికంటే ఎక్కువ ఉప్పగా ఉండే సందర్భాలు మామూలే. దాన్ని శుద్ధి చేయాలి, లేదా మరో లోతైన బావిలోకి తిరిగి పంపాలి, లేదా గుంటల్లో నిల్వ పెట్టాలి. నల్లరేగడి నేలలో ఒకసారి ఉప్పు ఎక్కితే దాన్ని దింపడం ఎంత కష్టమో కాలువల కింద చౌడు బారిన పొలాలు చూసిన రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి 2016 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చింది. ఫ్రాకింగ్ పనులు కొన్ని పరిస్థితుల్లో తాగునీటి వనరులను దెబ్బతీయగలవని అందులో తేల్చింది. ఆ పరిస్థితులు ఏవో కూడా రాసింది. నీళ్లు తక్కువగా ఉన్నచోట తోడటం, రసాయనాలు ఒలికిపోవడం, బావి సిమెంటు, కేసింగ్ సరిగా లేకపోవడం, మురుగునీటిని సరిగా శుద్ధి చేయకుండా వదలడం, అడుగున లైనింగ్ లేని గుంటల్లో నిల్వ చేయడం. ఇందులో రాయి పగలడం కంటే మనుషుల అలసత్వమే ఎక్కువగా కనిపిస్తుంది. రూల్స్ పుస్తకంలో ఉన్నా తనిఖీ చేసేవాడు లేనిచోట ప్రమాదం ఎక్కువ అని దీన్నిబట్టి ఎవరికైనా అర్థమవుతుంది.

పెన్సిల్వేనియాలో డిమాక్ అనే చిన్న ఊరు ఉంది. 2009 జనవరి 1న అక్కడ ఒక ఇంటి మంచినీళ్ల బావి పేలింది. బావుల్లోకి మీథేన్ చేరిందని ఊరివాళ్లు ఏళ్లకేళ్లు పోరాడారు. చివరికి 2022 నవంబరులో గ్యాస్ కంపెనీ కోర్టులో ఆ అభియోగాన్ని ఎదుర్కోకుండా ఒప్పుకుంది. ఊరికి కొత్త మంచినీటి లైను వేయడానికి కోటీ 60 లక్షల డాలర్లకు పైగా కట్టడానికి అంగీకరించింది. పద్నాలుగేళ్లు పట్టింది.

బాపట్ల దొరువులు

మన తీరంలో నీళ్ల సంగతి ఇంకా సున్నితం. చీరాల, వేటపాలెం, బాపట్ల, నిజాంపట్నం ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వి నీళ్లు తోడుకుంటారు. వాననీళ్లు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తీపినీళ్లు పలుచని పొరగా తేలుతూ ఉంటాయి. నూనె నీళ్ల మీద తేలినట్టే. జాగ్రత్తగా పైపైన తోడుకుంటేనే తీపి. గట్టి మోటారు పెట్టి ఒక్కచోటే లాగితే కిందినుంచి ఉప్పు ఎగదన్నుకు వస్తుంది. బాపట్ల వ్యవసాయ కళాశాలలోని ఉప్పునీటి పరిశోధన పథకం ఈ దొరువులనే మెరుగుపరిచింది. భూమిలో చిల్లుల పైపులు అడ్డంగా వేసి, పైపొర నీళ్లే బావిలోకి చేరేలా పద్ధతి తయారుచేసి రైతులకు ఇచ్చింది. వేరుశనగ, కూరగాయలు, వరి నారుమళ్లు ఈ నీటి మీదే పండుతాయి. ఇళ్లలో తాగేదీ చాలాచోట్ల ఇదే.

ఈ పొర మందం కొన్ని మీటర్లే. దాని గుండా ఒక గ్యాస్ బావి దిగాలంటే కేసింగ్ పైపు, సిమెంటు బావి జీవితకాలమంతా, మూసేశాక కూడా గట్టిగా ఉండాలి. పక్కనే గుంటలో ఉప్పుద్రవం నిల్వ ఉంటే ఒక్క తుఫాను చాలు, అది పొంగి ఇసుకలోకి దిగడానికి. తీరానికి తుఫాన్లు కొత్త కాదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన ఆనవాళ్లు ఇప్పటికీ కృష్ణకు అటూ ఇటూ ఉన్నాయి.

ఆ దివిసీమలోనే, రేపల్లెకు నది అవతల ఉన్న నాగాయలంక దగ్గర బిగువైన రాతిపొరలో చమురు ఉన్నట్టు కనుగొన్నారు. ఇలాంటి బిగువు రాతిలోంచి ఫ్రాకింగ్ చేయకుండా చమురు రాబట్టడం కష్టం. అంటే ఈ పద్ధతి గుంటూరు సరిహద్దుకు దూరంగా ఏమీ లేదు.

ప్రభుత్వం ఏం చేసింది?

2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ భారతదేశంలో తీయదగిన షేల్ గ్యాస్ 96 ట్రిలియన్ ఘనపుటడుగులు ఉందని అంచనా వేసింది. అందులో సగానికి పైగా కృష్ణా-గోదావరి బేసిన్‌దే. దానికి కొంచెం ముందు అదే అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే మూడు భారతీయ బేసిన్లకు కలిపి ఇచ్చిన అంకె 6.1 ట్రిలియన్ మాత్రమే. ఒకే దేశపు రెండు ప్రభుత్వ సంస్థల మధ్య ఇంత తేడా! మన పేపర్లలో హెడ్డింగు అయింది పెద్ద అంకెే అని వేరే చెప్పాలా.

2013 అక్టోబరులో కేంద్రం షేల్ గ్యాస్ అన్వేషణకు విధానం ప్రకటించింది. మొదటి దశలో ఓఎన్‌జీసీకి 50, ఆయిల్ ఇండియాకు 6 బ్లాకులు. ఓఎన్‌జీసీ బ్లాకుల్లో కొన్ని కృష్ణా-గోదావరివే. 2018లో ప్రైవేటు కంపెనీలు కూడా తమ దగ్గరున్న బ్లాకుల్లో షేల్ లాంటి వనరులు తీసుకోవచ్చని అనుమతించింది. ఫలితాలు మాత్రం ఆశించినంత రాలేదు. వాణిజ్య స్థాయిలో షేల్ గ్యాస్ మన దేశంలో ఇంకా నిలదొక్కుకోలేదు. కానీ మామూలు బావుల్లో, బిగువు రాతి బావుల్లో ఉత్పత్తి పెంచడానికి ఫ్రాకింగ్ వాడకం మాత్రం చాలాకాలంగా ఉంది. తూర్పుగోదావరి మండపేట, కృష్ణా జిల్లా మల్లేశ్వరం క్షేత్రాలు ఇందుకు ఉదాహరణ. షేల్ లేదు కదా, ఫ్రాకింగ్ కూడా లేదు అనుకుంటే పొరపాటు.

ప్రభుత్వం వాదన కొట్టిపారేసేది కాదు. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. గ్యాస్‌లో సుమారు సగం. గల్ఫ్‌లో యుద్ధ మేఘాలు కమ్మిన ప్రతిసారీ ఇక్కడ సిలిండర్ ధర గురించి భయం మొదలవుతుంది. గల్ఫ్‌లో పనిచేసే కొడుకులు, అన్నదమ్ములు ఉన్న ఇళ్లకు ఆ భయం రెండింతలు. సొంత గ్యాస్ ఉంటే మంచిదే. దానికి ఖర్చు ఎవరి బావి, ఎవరి పొలం భరిస్తుంది అన్నదే గొడవంతా.

కోనసీమ నేర్పిన పాఠం

గుంటూరు, ప్రకాశం వైపు గ్యాస్ బావుల మీద పెద్ద ఉద్యమం నడవలేదు. ఆ అనుభవం కోనసీమది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి మండింది. 65 రోజుల పాటు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, పొయ్యి వెలిగించినవాళ్లు. ఈ రెండూ ఫ్రాకింగ్ ప్రమాదాలు కావు. ఒకటి తవ్వకం ప్రమాదం, రెండోది తుప్పు పట్టిన పైపు లీకు. కానీ కోనసీమవాళ్లు కొత్త బావి అనగానే అడ్డం తిరగడానికి కారణం ఇవే. నేల కుంగుతోందని, కొబ్బరి తోటల్లో నీళ్లు ఉప్పబడ్డాయని వాళ్లు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. కోనసీమ కాలుష్యం మీద వేసిన కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2022లో ఓఎన్‌జీసీ రూ.22 కోట్లకు పైగా పర్యావరణ పరిహారం కట్టాలని ఆదేశించింది.

తమిళనాడులో కావేరీ డెల్టా ఇంకా ముందుకు వెళ్లింది. మన్నార్‌గుడి మీథేన్ పథకానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగిన సేంద్రియ వ్యవసాయ శాస్త్రవేత్త నమ్మాళ్వార్ ఆ ప్రచారంలో ఉండగానే 2013 డిసెంబరు 30న కన్నుమూశారు. 2017 ఫిబ్రవరిలో పుదుక్కోట్టై జిల్లా నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ పథకం మీద రైతులు, ఆడవాళ్లు, విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు. అదే ఏడాది తంజావూరు జిల్లా కదిరామంగళంలో చమురు పైపు లీకు మీద ఆందోళన జరిగింది. చివరికి 2020 ఫిబ్రవరిలో తమిళనాడు శాసనసభ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్త చమురు, గ్యాస్ అన్వేషణ అక్కడ కుదరదు. పాత బావులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆ చట్టానికి ఉన్న లోపం అదే అని అక్కడి రైతు సంఘాలు అంటాయి. కృష్ణా, గోదావరి డెల్టాలకు అలాంటి చట్టం లేదు. ఉండాలని అడిగే హక్కు మాత్రం ఇక్కడి రైతుకూ ఉంది.

సహారా ఎడారిలోనూ ఇదే గొడవ. అల్జీరియాలోని ఇన్ సాలాహ్ పట్టణం దగ్గర షేల్ బావి తవ్వడం మొదలుపెట్టగానే 2015 జనవరిలో జనం వీధుల్లోకి వచ్చారు. ఎడారి కింద ఉన్న పాత నీటి నిల్వే వాళ్ల ఖర్జూర తోటలకు ఆధారం. ఆడవాళ్లు ముందు వరసలో నిలబడ్డారు. నెలల తరబడి సాగిన ఆ నిరసన దేశమంతా పాకింది. ఫ్రాన్స్ 2011లోనే ఫ్రాకింగ్‌ను చట్టంతో నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రం 2014 డిసెంబరులో వద్దంది. ఇంగ్లండ్‌లో లాంకషైర్ బావి దగ్గర 2019 ఆగస్టులో 2.9 తీవ్రతతో భూమి కంపించాక ఆ నవంబరులో ఆపేశారు. ఓక్లహామాలో మురుగునీటిని లోతైన బావుల్లోకి పంపడం వల్ల వరుస భూకంపాలు వచ్చాయి. 2016 సెప్టెంబరులో పానీ దగ్గర వచ్చింది 5.8 తీవ్రత. ఒంగోలు కూడా భూకంపం ఎరగని ఊరేమీ కాదు. 1967 మార్చి 27న అక్కడ 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు చిన్న చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి. అవి సహజమైనవి, ఏ తవ్వకంతోనూ సంబంధం లేదు. కానీ సహజంగానే కదిలే నేలలో ద్రవం పంపే ముందు ఇంకా ఎక్కువ పరిశీలన అవసరం.

ఎగువన, సాగర్ ఒడ్డున

మన కాలువ నీళ్ల కోసం ఒక పోరాటం మాత్రం దగ్గరలోనే జరిగింది. నల్లగొండ జిల్లాలోని లంబాపూర్-పెద్దగట్టు వద్ద, నాగార్జునసాగర్ జలాశయానికి అతి దగ్గరలో యురేనియం గనులు తవ్వాలని యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదించింది. 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఊరివాళ్లు, పర్యావరణ కార్యకర్తలు గట్టిగా వ్యతిరేకించారు. తవ్విన మట్టి మీద పడిన వాన జలాశయంలోకే వస్తుందన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరం. ఆ జలాశయం నుంచే కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు వెళ్తుంది. గనులు ఇప్పటికీ తెరవలేదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం బోర్లు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ‘సేవ్ నల్లమల’ ప్రచారం తర్వాత ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. పద్ధతి వేరు, ఖనిజం వేరు. నీళ్ల గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే.

నోటీసు వస్తే తెలిసి ఉండాల్సినవి

భూమి రైతుదే అయినా దాని కింద ఉన్న చమురు, గ్యాస్ ప్రభుత్వానివి. కాబట్టి కంపెనీ లీజు తెచ్చుకునేది ప్రభుత్వం నుంచి. రైతుతో మాట్లాడేది పైభాగం నేల కోసమే.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలి. 2020 జనవరి 16న దాన్ని సవరించారు. ‘అన్వేషణ’ బావులను కింది కేటగిరీలోకి మార్చారు. వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి బావులకు పాత నిబంధనే. చిక్కు ఏమిటంటే, రిగ్గు మొదట దిగేది అన్వేషణ పేరుతోనే. ఊరికి తెలిసేసరికి ఒక బావి తవ్వడం అయిపోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో తప్పనిసరిగా వేయాలి. నివేదిక ప్రతి కలెక్టరేట్, జిల్లా పరిషత్ లాంటి కార్యాలయాల్లో చూడటానికి ఉంచాలి. ఎవరు మాట్లాడినా రికార్డు చేయాలి. చివర్లో ఆ రికార్డును స్థానిక భాషలో చదివి వినిపించాలి. చాలాచోట్ల జనం అరిచి వెళ్లిపోతారు. రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకున్నవాళ్లే తర్వాత ట్రైబ్యునల్‌లో నిలబడగలుగుతారు. ఫ్రాకింగ్ చేస్తారా, నీళ్లు ఎక్కడి నుంచి, తిరిగి వచ్చే నీళ్లు ఎక్కడికి: ఈ మూడింటికి కాగితం మీద జవాబు అడగాలి.

పైపులైను వేస్తే వేరే చట్టం వర్తిస్తుంది, 1962 నాటిది. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. కానీ పైపు వెళ్లే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఆ హక్కు తీసుకున్నందుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం విడిగా. బ్యాంకులో తాకట్టు పెట్టినప్పుడు, అమ్మినప్పుడు ఆ భూమి విలువ ఎంత తగ్గుతుందో లెక్కేస్తే ఆ పది శాతం ఎంత తక్కువో అర్థమవుతుంది.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. మన రెండు జిల్లాల్లో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలతో సహా ముస్లింలలో సొంత భూమి ఉన్నవాళ్లు తక్కువ. పత్తి, మిర్చి వేసేవాళ్లలో చాలామంది కౌలుకే చేస్తారు. నష్టపరిహారం చెక్కు మాత్రం పట్టాదారు పేరున వస్తుంది. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు ఉంటే పంట నష్టం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. కానీ దానికి యజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలే. మసీదు, దర్గా, ఈద్గాల కింద ఉన్న వక్ఫ్ భూమిని సేకరించాల్సి వస్తే వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం కలెక్టర్ వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి, బోర్డుకు హాజరై వాదించడానికి మూడు నెలల గడువు ఉంటుంది. ముతవల్లి ఒక్కడు సంతకం పెట్టి ఇచ్చేసేది కాదు అది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది చౌకైన పని. రిగ్గు రాకముందే ఊరి బోర్లు, బావులు, దొరువుల నీళ్లను పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోవాలి. మొత్తం కరిగిన లవణాలు, క్లోరైడ్, ఫ్లోరైడ్, వీలైతే బేరియం, మీథేన్. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలు ఉన్నాయి, మామూలు పరీక్షలు అక్కడే అవుతాయి. తవ్వకానికి ముందు నీళ్లు ఎలా ఉన్నాయో చూపించే కాగితం లేకపోతే, తర్వాత ఉప్పబడినా అది ముందునుంచీ అంతే అని కంపెనీ అంటుంది. డిమాక్‌లోనూ మొదట అదే అన్నారు. తేదీ, బావి ఉన్న సర్వే నంబరు, శాంపిల్ తీసినప్పుడు అక్కడున్న ఇద్దరి సంతకాలు ఆ రిపోర్టుకు జతచేసి ఒక కాపీ పంచాయతీ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి.